తేదీలు వెయ్యని ఫోటో

చాలా రోజులు మూలన పడున్న సీపీయూని ఆన్ చేస్తే లోపలి దుమ్ము వేడెక్కి ఒక కమురు వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలితే నాకిప్పటికీ భయమే. కావలిలో నా దగ్గరికి పాత కంప్యూటర్లు తెచ్చి విండోస్ బదులు లినక్స్ వేయించుకునే కొత్తవాళ్లు మొదట అడిగేది, ఇందులో తప్పనిసరిగా ఉండాల్సినవి ఏమిటని. ఇంటర్నెట్‌కు బ్రౌజరు, రాతకోతలకు లిబ్రే ఆఫీస్, పాటలకూ సినిమాలకూ వీఎల్‌సీ, ఫోటోలు దిద్దడానికి గింప్, తెలుగు టైపింగుకు కీబోర్డు అని గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తాను. కానీ పాత డిస్కులో ఉన్నదంతా ఇంకోచోటికి కాపీ అయ్యేదాకా ఒక్కటీ వెయ్యను. ఈమెకు ఇంత పిరికితనమేమిటని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఈ పిరికితనం నాకు ఖాదర్ భాయ్ పెట్టిన భిక్ష.

విడవలూరులో ఆయనది ఫోటో స్టూడియో. షుగరు వల్ల చూపు మందగించాక కంప్యూటర్ పని నాకు అప్పజెప్పాడు. చుట్టుపక్కల పల్లెల పెళ్లిళ్లన్నీ ఆ ఒక్క డిస్కులోనే ఉండేవి. ఇంకో డిస్కుకు కాపీ పెట్టాలని రేపుమాపంటూ నెట్టుకొస్తున్నాం. ఎవరో చెప్పగా విని భాయ్ ఒక పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేయించుకొచ్చాడు. "డిస్కును ముట్టుకోకుండా దీన్నించే నడుస్తాది పాపా. ముందు వాడి చూసుకో, నచ్చితేనే లోపలికి ఎక్కిద్దాం" అన్నాడు. నాకు మాత్రం ఆ తెరమీదున్న ఇన్‌స్టాల్ బొమ్మను చూస్తేనే వణుకు. అది నొక్కి, చదవకుండా సరే సరే అంటూ పోతే డిస్కు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. "మన చేత్తోనే అందరి పెళ్లిళ్లూ పోగొడితే ఎట్ట భాయ్?" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఆ భయం ఉండేవాళ్లే ఆ కుర్చీలో కూర్చోవాల. భయం లేనోడికి నేను మౌసు ఇయ్యను."

ఆ ఏడాది తుఫాను వెలిసిన మర్నాడు కంప్యూటర్ లేవలేదు. ఎన్నిసార్లు నొక్కినా నల్ల తెర. సరిగ్గా అప్పుడే పట్టపుపాలెం నుంచి పోలమ్మ వచ్చింది. ఆమె భర్త సముద్రంలో చేపల వేటకు పోయిన బోటు తుఫానులో తిరగబడింది. తోటివాళ్లు ఈదుకుంటూ ఒడ్డు చేరారు, అతనొక్కడే చేరలేదు. "ఇంట్లో ఫోటోలన్నీ నీళ్లలో నానిపోయినాయన్నా. మా పెళ్లి నువ్వే తీసినావు గదా. ఆయన ముఖం ఇంక యాడా లేదు, నీకాడే ఉండాది" అంది. భాయ్ నావైపు చూశాడు. నేను సొరుగులోంచి లినక్స్ పెన్‌డ్రైవ్ తీశాను.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాం. తెర వెలిగింది. డిస్కు బొమ్మ, దాని పక్కనే ఇన్‌స్టాల్ బొమ్మ. "తప్పు బొమ్మ నొక్కుతానేమో భాయ్, మీరు నొక్కండి" అన్నాను. "నాకా అక్షరాలు ఆనవు పాపా. నువ్వు పైకి చదువు. నేను ఊ అంటేనే నొక్కు." నేను చదవడం, ఆయన ఊ అనడం. ఆ ఊలోనూ భయం ఉందని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. పోలమ్మ గడపలో కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుంది. చివరికి డిస్కు తెరుచుకుంది, ఆమె పెళ్లి దొరికింది. నుదుట బాసికంతో, ఎండకు కళ్లు చికిలించుకుని, బక్కపలచటి కుర్రాడు. ముందు ఆ ఫోటోను వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాతే ఊపిరి పీల్చుకున్నాను.

గింప్‌లో అతన్నొక్కడినే విడదీసి, బాసికం చెరిపి, ముఖం పెద్దది చేశాను. మా పనిలో పెళ్లి ఫోటో నుంచి ఒక్కరినే విడదీసేది ఒక్కదానికే. చుట్టూ పూలదండ, కింద దీపం, ఆ కింద జననం, మరణం. చేతికి పట్టిన అలవాటు మనిషిని చూడదు కదా. తల ఎత్తకుండానే అడిగాను, "తేదీలు చెప్పక్కా."

"ఏం తేదీలు?" అంది పోలమ్మ.

అప్పుడు చూశాను ఆమె ముఖం. భాయ్ గొంతు పెంచలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "తేదీలొద్దు పాపా. ఆ చోట పోలమ్మ ఫోను నంబరు వెయ్యి" అన్నాడు. ఆమెతో, "ఏ రేవులో తేలినా ఎవురో ఒకరు ఫోన్ చేస్తారమ్మా" అన్నాడు. పైన 'కనబడుటలేదు' అని టైపు చేశాను. ప్రింట్లు తీస్తుంటే భాయ్ పెదవులు కదులుతూనే ఉన్నాయి, దువా చేస్తున్నాడనుకుంటాను.

ఆ కాగితాలు తీరం పొడవునా రేవురేవునా అంటించారు. అతని జాడ లేదు. అప్పుడు కాపీ చేసిన ఆ ఫోటోను నేను ఎన్ని కంప్యూటర్లు మార్చినా వెంట తెచ్చుకుంటూనే ఉన్నాను. అప్పుడప్పుడు ఉందో లేదోనని తెరిచి చూస్తాను. ముఖం తెరమీదికి వచ్చాకే మూసేస్తాను.

నిరుడు ఖాదర్ భాయ్ పోయాడు. కడసారి చూపుకు వస్తుందని పోలమ్మకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లయినా అదే నంబరు. మొదటి రింగుకే ఎత్తింది. నేనెవరో అడగలేదు, హలో అనలేదు.

"దొరికినాడా?" అంది.