చలిగది తలుపు కొట్టిన పెద్దమ్మ

మా పెద్దమ్మ ఏ తలుపూ కొట్టకుండా తీసేది కాదు. లోపల మనిషి ఉన్నా, లేకపోయినా. చీపుర్ల అల్మారా అయినా సరే. టకటకమని కొట్టి, "రావచ్చా అండీ?" అని అడిగి, కాసేపు ఆగి, అప్పుడు తీసేది.

పెద్దమ్మ అంటే నాకు చుట్టం కాదు. సముద్రం అడుగు మట్టిని పరిశోధించే మా ఓడలో శాస్త్రవేత్తలందరికీ పెద్ద. ఓడలో అందరికీ పెద్దమ్మే, ఆవిడకన్నా వయసులో పెద్దవాడైన కెప్టెన్‌కి కూడా.

ఒకసారి ఆవిడ ఫ్రిజ్ తలుపు కొడుతుంటే వంటాయన చూశాడు.

"పెద్దమ్మా, లోపల పాలు తప్ప ఎవరూ లేరు!"

"అలవాటైపోయింది నాయనా," అంటూనే ఇంకాస్త ఆగి తీసింది.

అంతే, వంటాయన ఆ ఫ్రిజ్ దగ్గరికి ఒంటరిగా వెళ్లడం మానేశాడు. మనకి కనబడనివాళ్లెవరో ఈవిడకి కనబడుతున్నారని ఓడంతా చెప్పుకొచ్చాడు. మేం నవ్వాం. నవ్వామేగానీ, ఖాళీ గది ముందు ఆవిడ చెవి ఒగ్గి నిలబడితే మా వీపుల మీద ఏదో పాకినట్టుండేది.

పని ముగిసిన రోజు పొగమంచు కమ్మేసింది. సముద్రం అడుగున దించి మట్టి నింపిన ఆఖరి గొట్టం పైకొచ్చాక ఇంజను ఆపేశారు. నెలల తరబడి చెవుల్లో మోగిన హోరు ఒక్కసారిగా ఆగిపోయేసరికి ఓడ ఊపిరి బిగబట్టినట్టయింది. ఎక్కడో ఖాళీ కొక్కెం ఒకటి కిర్రు, కిర్రుమంటోంది.

గ్రూప్ ఫోటోకి అందరం డెక్ మీదికొచ్చాం. సరంగు రాలేదు.

డెక్ పనివాళ్లకి పెద్ద ఆయన. అదే ఆయన ఆఖరి ప్రయాణం, ఒడ్డు చేరగానే రిటైరవుతాడు. గొంతు చించుకుని పిలిచాం. పొగమంచు మా కేకల్ని మింగేసింది. ఓడ వెనక కమ్మీకి ఆయన హెల్మెట్ వేలాడుతోంది. దాని కింద నీళ్లు, చప్పుడు లేకుండా.

కెప్టెన్ మొహం పాలిపోయింది. "వెతకండి!"

అందరం తలుపులు దబదబా తోసుకుంటూ పరిగెత్తాం. పెద్దమ్మ ఒక్కతే టకటక. "రావచ్చా అండీ?" ఆగడం. ఇంకో తలుపు.

"మనిషి నీళ్లలో పడ్డాడేమోనని మేం చస్తుంటే, ఇప్పుడు కూడా మర్యాదలేనా పెద్దమ్మా!" అని అరిచాను.

ఆవిడ చలిగది దగ్గరికెళ్లింది. మట్టిగొట్టాలు దాచే గది అది, తలుపు జానెడు మందం. తలుపుకున్న అద్దంలోంచి చూసి, ఎవరూ లేరనుకుని మేం అప్పటికే దాటొచ్చేశాం. పెద్దమ్మ తలుపు కొట్టింది.

లోపలినుంచి ఎవరో తిరిగి కొట్టారు. టక్. టక్.

వంటాయన నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. కెప్టెన్ గడియ మీద చెయ్యేశాడు. పెద్దమ్మ తలుపుకి వీపు ఆనించి అడ్డంగా నిలబడింది.

"ఆగండి. ఇంకా రమ్మనలేదు."

లోపల ముక్కు చీదిన చప్పుడు, సన్నగా.

"దయ్యాలకి కూడా జలుబు చేస్తుందా?" వంటాయన గొణిగాడు.

చివరికి ఒక బొంగురు గొంతు, "రండి" అంది.

గొట్టాల వెనక నేలమీద కూర్చుని ఉన్నాడు సరంగు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "మూతలు బిగిస్తున్నా. పిలిచారా? ఇక్కడికేం వినబడలేదే," అన్నాడు. చేతిలో మూతా లేదు, బిగించే పనిముట్టూ లేదు, తడిసిన రుమాలు తప్ప.

తర్వాత నేను పెద్దమ్మని పక్కకి లాగాను.

"ఆయన అక్కడున్నాడని మీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు? ఈ ఓడలో పడుకునే చోట ఇద్దరు, తినే చోట పదిమంది. మనసు బాగోకపోతే మనిషి ఎక్కడికి పోతాడమ్మా? ఇలాంటి మూలలకే. ఠక్కున తలుపు తీసేస్తే మొహం తుడుచుకునే వ్యవధెక్కడిది?"

"మరి ఫ్రిజ్?"

"ఏ తలుపు కొట్టాలో, ఏది అక్కర్లేదో గుర్తుపెట్టుకోవడం నావల్ల కాదు. అందుకని అన్నీ కొడతాను."

ఫోటోకి రమ్మని కెప్టెన్‌ని పిలిచాం. ఆయన సరంగు వీపు మీద ఒక్కటి చరిచాడు, ఏదో తిట్టబోయి, మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

"ఉండండి, ఆ మూతలు నేనూ ఓసారి చూసొస్తా," అని చలిగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మేమందరం బయట నిలబడ్డాం. ఎవరికీ తొందర లేదు.