పెట్టెలోంచి నా వెనక కుర్చీలోకి

మా ఊళ్లో తీసిన ఆ ఇంద్రజాలికుడి సినిమా మాట వస్తే యానాంలో అందరిదీ ఒకటే పాట. పెట్టెలో మాయమైన అమ్మాయి వేరట, జనంలోంచి లేచిన అమ్మాయి వేరట, మధ్యలో కెమెరా ఆపేశారట. నేను ఒప్పుకోను. ఇలా చెప్పేవాళ్లలో ఆరోజు షూటింగులో ఉన్నది మా తోటికోడలు ఒక్కతే. ఆవిడా అసలు సమయానికి గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది.

ఫ్రెంచివాళ్ల కాలం నాటి కథ అది. ఒక ఇంద్రజాలికుడు రోజూ తన పెట్టెలోంచి ఒక అమ్మాయిని మాయం చేస్తుంటాడు. ఒకనాడు ఆ అమ్మాయి నిజంగానే కనబడకుండా పోతుంది. ఆమెను ప్రేమించినవాడు కూడా అతనే కనుక, ఊరు మొదట అతన్నే అనుమానిస్తుంది. ఆ ప్రదర్శన తీయడానికి గోదావరి ఒడ్డున పాత గిడ్డంగిలో వేదిక కట్టి, చూసే జనంగా మమ్మల్ని కూర్చోబెట్టారు. ఊళ్లోని ఫరంపేట నుంచి నేనూ మా తోటికోడలూ పాతకాలపు జరీ చీరలు కట్టుకుని వెళ్లాం.

పెట్టె బిగిస్తుంటే దగ్గరుండి చూశాను. చదివింది ఫిజిక్సు, చూడకుండా ఉండలేను. వెనక దొంగతలుపు, దాని వెనక నల్లతెర. అది తెలిశాక నా మొహంలో ఆశ్చర్యం ఎక్కణ్ణించి వస్తుంది? నాలుగుసార్లు తీశారు. నాలుగుసార్లూ నా మొహమే చెడగొట్టిందని దర్శకుడు నా దగ్గరకొచ్చాడు.

"మీరు ఆశ్చర్యపోవాలమ్మా."

"మాయ సరిగ్గా చెయ్యండి బాబూ, నేను సరిగ్గా ఆశ్చర్యపోతాను."

అందరూ నవ్వారు. వేదిక మీద, పెట్టెలో మాయమయ్యే అమ్మాయి వేషం వేసిన పిల్ల మాత్రం నవ్వలేదు. భోజనాలప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. నా జడలో కనకాంబరాలు చూసి, కొంచెం పెడతారా ఆంటీ అని అడిగింది. జానెడు కొలిచి, దారం పంటితో కొరికి, రెండు ముళ్లు వేసి దాని తలలో పెట్టాను. అప్పుడంది: "ఈసారి వెనక తలుపుకి మేకులు కొట్టిస్తాను. మీరే వచ్చి చూడండి."

చూశాను. రెండు చేతులతో నెట్టాను. కదల్లేదు. వేదిక కిందకి వంగి కూడా చూశాను, సిమెంటు నేల తప్ప ఏమీ లేదు. వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ పిల్ల పెట్టెలోకి ఎక్కింది, ఇంద్రజాలికుడి వేషం వేసినతను తలుపు మూశాడు. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. పది అనేసరికి తీశాడు. పెట్టె ఖాళీ. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు.

"ఆంటీ, పూలు జారిపోతున్నాయి. సర్దరూ?"

నా కనకాంబరాలే. నా రెండు ముళ్లే. నేను కొరికిన దారమే. నా గొంతులోంచి ఏం కేక వచ్చిందో నాకే తెలియదు. సినిమాలో రెండు రెప్పపాట్లు కనిపించేది ఆ మొహమే. నా వెనక ఆ పిల్ల భుజం తట్టిన ముక్క కత్తిరించేసి, తర్వాత జనంలోంచి లేచిందే ఉంచారు, అందుకే ఈ కెమెరా పాట.

"కవలపిల్లలై ఉంటారక్కా," అంది మా తోటికోడలు.

"నా పంటిగాటు కూడా కవలేనా?"

ఆ పిల్లని అడిగితే, సినిమా వచ్చాక చెబుతానంది. సినిమా వచ్చింది, తను మళ్లీ ఇటు రాలేదు. ఆ గిడ్డంగికి ఒకటే గుమ్మం. అందులో నిలబడి టీ తాగిన మా తోటికోడలే ఒట్టేసి చెబుతోంది, తనని దాటుకుని ఎవరూ లోపలికి రాలేదని. మరి ఆ పది అంకెల్లో ఆ పిల్ల నా వెనక కుర్చీలోకి ఎటునుంచి వచ్చింది?