ఎన్ అంటే నిండు

ఎనభైల చివర్లో ధర్మవరంలో ఒక చేనేత సంఘానికి కంప్యూటరు ప్రోగ్రాం రాసిచ్చాను. మాది గుత్తి పక్క పల్లె, ఉద్యోగం అనంతపురంలో ఒక చిన్న కంపెనీలో. సంఘం ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్ళినా మెషీను గది దాటి బయటికి వచ్చేవాణ్ణి కాదు. ఎండ ఒక సాకు. మనుషులతో మాట్లాడాలంటే నాకు విసుగు, అదీ అసలు సంగతి.

ఆ ప్రోగ్రాం తెర మీద కనబడే రకం కాదు. వెనకాల ఉండి పనిచేస్తుంది. ఎవరూ పిలవకుండానే అప్పుడప్పుడూ లేచి, గోదాములో ఏ రంగు పట్టునూలు ఉందో ఏది లేదో చూసుకుంటుంది. ఏదైనా అయిపోతే కొత్త సరుకు పంపమని ప్రింటరు మీద చీటీ తీస్తుంది. మళ్ళీ పడుకుంటుంది. గోదాము చూసుకునే ఆమె రోజూ సాయంత్రం ఒక్కో రంగుకు ఒక్కో అక్షరం నొక్కాలి. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. అందుకని నేనే తెలివిగా తేల్చాను. ఎన్ అంటే నిండు, కె అంటే ఖాళీ. ఇంతకన్నా తేలిక ఏముంటుంది అనుకున్నాను.

మొదట్లో గోదాము నిండుగా ఉండేది కాబట్టి చీటీలతో పనే పడలేదు. ఎండలు ముదిరేసరికి నూలు అయిపోయి మగ్గాలు నిలిచాయి. చీటీ మాత్రం ఒక్కటీ రాలేదు. నేతగాళ్ళు వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. సంఘం కార్యదర్శి మెట్ట భూములూ రాజకీయాలూ ఉన్న పెద్దమనిషి. నన్ను పిలిపించాడు.

“ఏమప్పా, నీ మిషను నిద్రపోతాండాదా?”

నాకూ అదే అనుమానం. కరెంటు పోయి వచ్చాక ప్రోగ్రాం మళ్ళీ లేవడం లేదేమోనని చూశాను. లేస్తోంది. ప్రింటరు తీగ మార్చాను. మెషీనులో గడియారం సరిచూశాను. నేను కె నొక్కితే చీటీ టకటకా వచ్చింది. కనబడనిదాన్ని పట్టుకోవాలంటే దానిచేత మాట్లాడించాలి. లేచినప్పుడల్లా ఏం చూసిందో ఒక వరుస అచ్చు వేయమని అందులో రాసి వెళ్ళాను. మరునాడు కాగితం పొడుగునా ఒకటే పాట: లేచాను, అన్నీ నిండుగా ఉన్నాయి, పడుకుంటున్నాను.

కార్యదర్శి ఆ కాగితం చదివించుకున్నాడు. గోదాములో అరలు ఖాళీ, మిషనులో నిండు. ఆయనకు ఇంకేం కావాలి?

“గోదాము ఆయమ్మ నూలు బయట అమ్ముకొని, ఈడ నిండుగా ఉండాదని కొడతాండాది. సోమవారం నుంచి రావద్దని చెప్పు. పోలీసుల సంగతి తర్వాత చూస్తా.”

భర్త పోయాక సంఘం ఇచ్చిన ఉద్యోగం అది. ఆమెకు వేరే ఆధారం లేదు. తప్పు వెతకమంటే నేను దొంగను వెతికిపెట్టాను. నాకు భయం వేసింది. ఆమెకు చెబితే ఏడవలేదు, గొడవ పడలేదు.

“ఒకసారి గోదాములోకి వచ్చి చూడు సారూ” అంది.

గోదాము పక్క గదే. అందులో అడుగు పెట్టడం నాకదే మొదటిసారి. చెప్పులు బయట విడిచాం. దీపాలు పెట్టే వేళ అయింది. ఆమె లక్ష్మీదేవి పటం ముందు దీపం వెలిగించి, ఒక్కో అర తలుపూ తీసి చూపించింది.

“ఎర్రది నిండుకునింది సారూ. పసుపుది నిండుకునింది. ఇదీ నిండుకునింది. నేను అట్లే కొడతాండా కదా.”

అరల్లో పోగు కూడా లేదు.

మా అమ్మ కూడా ఆ మాటే అనేది. బియ్యం నిండుకున్నాయప్పా అనగానే సంచీ పట్టుకుని అంగడికి పరిగెత్తినవాణ్ణి నేను. ఇంట్లో ఏది అయిపోయినా ఖాళీ అని నోటితో అనకూడదని నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆమెను వెంటబెట్టుకుని కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను.

“ఆమె ఉన్నదే కొట్టింది సార్. నిండుకుంది కాబట్టి ఎన్ నొక్కింది. ప్రోగ్రాముకు తెలుగు రాదు, అంతే.”

ఆయన ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు.

“నీకొస్తాది కదప్పా.”

ఆయన ఆమె వైపు తిరిగి, “సోమవారం రా తల్లీ” అన్నాడు. ఆమె తలూపింది. కళ్ళు అప్పుడు తుడుచుకుంది.

ఇక మీద కె నొక్కమని చెప్పబోయాను. “నా చేత్తో ఆ మాట కొట్టించొద్దు సారూ” అంది. వాదించలేదు. ప్రోగ్రామునే మార్చాను. ఎన్ అంటే నిండుకుంది. నిండుగా ఉంటే ఏమీ నొక్కనక్కర్లేదు.

సోమవారం సాయంత్రం ఆమె దీపం పెట్టి వచ్చి ఎన్‌లు నొక్కింది. కాసేపటికి ప్రోగ్రాం లేచింది, ప్రింటరు మోగింది. ఆమె చీటీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“దీంట్లో యాడన్నా ఖాళీ అని ఉండాదా సారూ?”

“లేదు” అన్నాను.

“ఆ మాటా అనొద్దు. ఇప్పుడే దీపం పెట్టినా” అంది.