భారతక్క గెలుపుకు నేను చేసిన సాయం

గొప్పవాళ్లు ఊళ్లకు ఊళ్లే ముంచుతారు. నేను ఒక్క మనిషినే ముంచాను, అదీ మా కడుపు నింపిన మనిషిని. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నేనూ అప్పుడప్పుడు నవ్వుకుంటాను, పక్కన ఎవరూ లేనప్పుడు.

సూరత్‌లో తెలుగు నేతగాళ్లుండే లింబాయత్ మాది. కరోనా మొదటి ఏడు మేం బట్ట నేసే సాంచాలు ఆగిపోయి, ఊరికి వెళ్లే దారి లేక ఇళ్లలో ఇరుక్కుపోతే, ఎదురింటి భారతక్క రోజూ పెద్ద గంజులో కిచిడీ వండి గల్లీ మొత్తానికీ పెట్టింది. ఆమె భర్తకు ఊపిరాడని రోజు అంబులెన్స్ గల్లీ మొదట్లోనే ఆగింది. మురికికాల్వ మీది బండలు పగిలి ఉన్నాయి. ఆయన్ని మంచం మీద మోసుకెళ్లాం. మళ్లీ ఇంటికి రాలేదు.

మరుసటి ఏడు కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి.

"మురికి మోరి బాగు చేయిస్త. అంబులెన్స్ ఇంటి ముంగటికి రావాలె, గంతే" అని అక్క స్వతంత్రంగా నిలబడింది. గుర్తు కుట్టుమిషన్. ప్రచారానికి పెద్దను నేను. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు, తెలివి మాత్రం గల్లీలో పట్టనంత.

అక్కడ వార్డుకు నలుగురు కార్పొరేటర్లు, మనిషికి నాలుగు ఓట్లు. ఒక్కటే వేసి, ఇక చాలని చెప్పే ఆఖరి బటన్ నొక్కి వచ్చేయవచ్చు కూడా.

"రాజేశం, మనోళ్లకు ఒక్కటే చెప్పు. మిషన్ గుర్తు నొక్కి, ఆఖరి బటన్ నొక్కి రమ్మను" అంది అక్క.

"మూడు ఓట్లు దండుగ చేసుడెందుకక్కా? రేపు గెలిచినోళ్లతోని పని పడదా? ఒకటి నీకు, మూడు పెద్ద పార్టీకి. అందరు ఖుష్!"

"గట్లయితే వాళ్లకే బలమైతది కదరా?"

"నీ ఓటు నీకు పడ్తది, నీకేం తక్కువైతది? జర నా మీద భరోసా పెట్టు."

పెట్టింది. ఇందులో తప్పెక్కడుందో మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. నాకు లెక్కింపు రోజు దాకా తెలియలేదు. మాస్కు కట్టుకుని ఇంటింటికీ తిరిగి, అట్టముక్క మీద బటన్లు గీసి ముసలివాళ్లకు సైతం నేర్పాను. ఖర్మ కొద్దీ అందరూ నేర్చుకున్నారు.

లెక్కింపు రోజు పొద్దున్నే దండ కొన్నాను, బ్యాండుకు చెప్పాను. నగరంలో ఒక పాత పార్టీ సున్నా చుట్టింది. కొత్త పార్టీ ఒకటి వరాఛా వైపు అందరూ నోరెళ్లబెట్టేలా గెలిచింది. మా వార్డులో నాలుగూ పెద్ద పార్టీకే. అక్కది ఐదో స్థానం. ఆమెను దాటి నాలుగోవాడిగా గెలిచినవాడు, నేను వేయమన్న ముగ్గురిలో ఒకడు. ఆ తేడా మా గల్లీ అతనికి వేసిన ఓట్లకన్నా తక్కువ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడైనా నయం, నేను వాటిని ఊడదీసి పక్కింటికి మోశాను.

దండ సంచిలో దాచుకుని అక్క ఇంటికి వెళ్లాను.

"తిట్టక్కా."

"తిడితే మోరి బాగైతదా? కూసో, తిను."

కంచం ముందు కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎక్కడో చిన్న ఆశతో అడిగాను: "అందరు నా మాట విన్నరు. నువ్వన్నా నీకొక్కటే ఏసుకున్నవా అక్కా?"

అక్క గంటె పక్కన పెట్టింది.

"భరోసా పెట్టుమంటివి కదరా. నేను గూడ మూడు వాళ్లకే ఏసిన."

ఆ ఆదివారం కాల్వ మీద బండలు గల్లీవాళ్లమే తెచ్చి వేసుకున్నాం. అన్నింటికన్నా బరువైన బండకు నన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. దాన్ని మోస్తూ ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరికీ ఓటు వేయడం నేర్పను. నా ఓటైనా సరే, అక్కనడిగే వేస్తాను.