పల్లి పొట్టు బొగ్గు

తొంభైల మధ్యలో మహబూబ్‌నగర్‌లో విలేకరిగా పనిచేస్తూ నేను కిరాయికి ఉన్న ఇంట్లో, పక్క వాటాలో ఒక కెమిస్ట్రీ లెక్చరర్ తల్లితో ఉండేవాడు. కాలేజీ అయ్యాక వెనక వరండాలో పీహెచ్‌డీ పని చేసుకునేవాడు. తంగేడు ఆకు మరిగించిన నీళ్లను పర్మాంగనేటు ద్రావణంలో పోస్తే ఊదారంగు విరిగి గోధుమ రంగు మడ్డి దిగేది. అది మాంగనీసు ఆక్సైడ్. దానికి తోడు పల్లి పొట్టు కాల్చిన బొగ్గు. రెండూ కలిపి రేకుల మీద పూసి, టార్చి సెల్లులతో కాసేపు కరెంటు పట్టిస్తే, సెల్లులు తీసేసినా చిన్న ఎర్ర దీపం వెలుగుతూనే ఉండేది. పొడి ఎంత సన్ననైతే అంత ఎక్కువ కరెంటు దాచుకుంటుందట. నానో అనే మాట అప్పటికి మా దాకా రాలేదు.

బొగ్గును చివరగా కాల్చే ఫర్నేసు హైదరాబాదులో గైడు గారి ల్యాబులో ఉంది. నెలల తరబడి అడిగితే ఒక్కసారి వంతు దొరికింది. కాల్చి తెచ్చిన పొడి ఒక గాజు సీసాడు. సోమవారం గైడు ముందు దీపం వెలిగించి చూపితేనే గడువు పొడిగిస్తారు. లేకపోతే నెలాఖరుకు రిజిస్ట్రేషన్ పోతుంది.

ఆదివారం పొద్దున నల్లా దగ్గర లెక్చరర్ తల్లి నా అరచేతిలో నల్లపొడి పోసింది.

"జర గీ పొడితోని తోముకో బిడ్డా. గంధం లెక్క మెత్తగున్నది."

తోముకున్నాను. ఉప్పగా, హాయిగా ఉంది. "ఎక్కడిది అవ్వా?"

"మావోడు సీసల దాసిండు. పండ్లపొడి గూడ దాసుకుంటరా, పిసినారోడు! పొయ్యి బొగ్గు, ఉప్పు నూరి దాంట్లనే కలిపిన. అందరికి సరిపోతది."

నోరు కడుక్కోకుండానే వాళ్ల వాటాలోకి పరుగెత్తాను. ఆయన అప్పటికే సీసా పట్టుకుని కూర్చున్నాడు.

"ఉప్పయితే కడిగితే పోతది. పొయ్యి బొగ్గును ఎట్ల ఏరుతం, విలేకరి సాబ్?"

ఆ పొడినే కడిగి, ఆరబెట్టి, రేకులకు పూశాడు. నేను తీగలు పట్టుకున్నాను. దీపం మినుక్కుమని ఆరిపోయింది. మళ్లీ పూశాడు. మళ్లీ అంతే. సీసా సంగతి తల్లికి తెలియనివ్వలేదు.

సోమవారం ఆయన వెంట నేనూ బస్సెక్కాను. జడ్చర్ల దాటాక అడిగాడు: "యూనివర్సిటీల నీకు ఎరుకైనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

పింఛను ఆగినా, ట్రాన్స్‌ఫార్మర్ కాలినా ఏదో ఒక అధికారికి ఫోన్ చేయడం నా రోజువారీ పని. దీనికి ఎవరికి చేయాలి, ఏమని చెప్పాలి? లేరన్నాను.

గైడు మంచివాడే. ల్యాబులోనూ దీపం ఆరిపోయాక ఇంకాసేపు దాని వైపే చూశాడు. జరిగింది విని, "మీ అమ్మగారు పళ్లపొడి చేశారని రిపోర్టులో రాయలేను కదయ్యా," అన్నాడు. ఫర్నేసు మళ్లీ దొరికేది ఎండాకాలం అయ్యాకే. గడువేమో ఈ నెలాఖరుకే.

సాయంత్రం మేం వచ్చేసరికి తల్లి గడపలోనే ఉంది.

"పనైందా కొడకా?"

"అయిందమ్మా."

"ఇగ నిన్ను డాక్టరు సాబ్ అంటరా?"

ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పులు విప్పుతున్నట్టు వంగి, అలాగే ఉండిపోయాను.