తీజ్ నాడు ఆగిన బొగ్గు లారీ

జనగామ నుంచి భూపాలపల్లికి సరదాగా వెళ్లేవాళ్లు ఉంటారో లేదో నాకు తెలియదు. నన్నైతే పంపించారు. జనగామ దగ్గర మాదొక చిన్న పాల డెయిరీ. పాలు కాచడానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు బొగ్గు కావాలి. శ్రావణంలో ముసురు పట్టి గనుల్లో నీళ్లు నిలిచాయి, తవ్వకం తగ్గింది. వచ్చే కాస్త బొగ్గు ముందుగా కరెంటు ప్లాంట్లకు పోతోంది. మాలాంటి చిన్నవాళ్ల లారీలు వరుసలో పడిగాపులు కాస్తున్నాయి. సరుకులు చూసుకునే ఉద్యోగం నాది కాబట్టి రోజూ పొద్దున బొగ్గు కుప్ప చూడటం, డ్రైవర్‌కు ఫోన్ చేయడం, యజమానితో చీవాట్లు తినడం నా పని అయిపోయింది. చివరికి కుప్ప అడుగంటింది. ఒకరోజు తెల్లవారకముందే, ఇక ఆ రాత్రి వరకే వస్తుందని బాయిలర్ దగ్గర పనిచేసే యాదగిరి చెప్పాడు. డ్రైవర్ కిషన్ ఫోన్ ముందు రోజు నుంచి స్విచ్ఛాఫ్. "నువ్వే పోయి చూసి రా" అన్నాడు యజమాని. నాలాగే బొగ్గు వెంట తిరగాల్సి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

వెంటనే, ఆ తెల్లవారుజామునే జనగామ బస్టాండులో హన్మకొండ బస్సు ఎక్కాను. గంటన్నర ప్రయాణం, వంద రూపాయల లోపే. అక్కడ టీ తాగేలోగా పరకాల మీదుగా పోయే భూపాలపల్లి బస్సు దొరికింది. దానికి ఇంకో రెండు గంటలు, నూరు పైచిలుకు. సీటు కోసం మొహమాటపడితే పరకాల దాకా నిలబడాల్సిందే. నేను నిలబడ్డాను. కిటికీ బయట పత్తి చేలు తడిసి ముద్దయి ఉన్నాయి. బాగున్నాయనే అనుకున్నాను కానీ, వారం రోజులుగా సరిగ్గా నిద్ర లేని మనిషికి పచ్చదనం పెద్దగా ఎక్కదు.

భూపాలపల్లి దాటాక బొగ్గు లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. ఆ వరుసను డ్రైవర్లు సీరియల్ అంటారు. సీరియల్‌లో ఉన్నవాడు అక్కడే వండుకుంటాడు, బండి కిందే పడుకుంటాడు, ముందు బండి కదిలితే తనూ కదులుతాడు. మధ్యలో ఇంటికి పోతే వంతు పోయినట్టే. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బురదలో నడిచాను, మా లారీ లేదు. కాంటా దగ్గర అడిగితే నిన్న సాయంత్రమే లోడు తూకమై వెళ్లిపోయిందన్నారు. వెళ్లిపోతే ఈపాటికి జనగామలో ఉండాలి కదా.

పక్కనే తడికల హోటల్లో కూర్చుని ఉప్మా అడిగాను. హోటల్ నడిపే అక్క నా మొహం చూసి, "ఎవల కోసం సార్, గంత పరేషాన్ల ఉన్నరు?" అంది.

"జనగామ పాల డెయిరీ లారీ. డ్రైవర్ పేరు కిషన్."

"కిషనా? లోడు కాంగనే తండాకు పోయిండు. ఇయ్యాల వాళ్ల తీజ్ ఆఖరి దినమట. ఆరు దినాలు గీడ్నే ఉండె పాపం, దినాం గదే ముచ్చట. ఇంకో రెండు దినాలే ఉన్నయక్కా, ఒక్క దినమే ఉన్నదక్కా అనుకుంట." ఉప్మా ప్లేటు నా ముందు పెట్టి, "గూడూరు దిక్కు తండా వాళ్లది" అంది.

కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, బాగానే వచ్చింది. మా బొగ్గు వేసుకుని పండుగకు పోవడమేమిటి? మళ్లీ బస్సు పట్టుకున్నాను. ములుగు మీదుగా నర్సంపేట, అక్కడి నుంచి గూడూరు. ఈ దారిలో నేరుగా బస్సులు తక్కువ, మారుతూ పోవాలి. నర్సంపేటలో గూడూరు మీదుగా పోయే మహబూబాబాద్ బస్సు ఎప్పుడని అడిగితే కంట్రోలర్ నా వైపు తల కూడా తిప్పలేదు. పక్కనున్న పెద్దాయన "మానుకోట అని అడుగు నాయినా" అన్నాడు. ఆ ఊరి వాడుక పేరుతో అలా అడిగితే వెంటనే చెప్పాడు. గూడూరులో దిగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. దారి పొడవునా కిషన్‌ను ఏమేమి తిట్టాలో వరసగా పేర్చుకున్నాను.

తండా మొదట్లోనే మా లారీ కనిపించింది. బొగ్గు మీద కప్పిన పట్టా ఎక్కడా సడలకుండా తాళ్లతో బిగించి ఉంది. తండా మధ్యలో డప్పులు మోగుతున్నాయి. పెళ్లికాని లంబాడీ అమ్మాయిలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, ఆఖరి రోజు నీళ్లలో కలిపే పండుగ తీజ్. జానెడు ఎత్తు పెరిగిన మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని అమ్మాయిలు వరుసగా నిలబడి ఉన్నారు. కిషన్ కొత్త చొక్కా వేసుకున్నాడు కానీ గోళ్లలో బొగ్గు పోలేదు. నన్ను చూడగానే పరుగున వచ్చాడు.

"ఫోన్ ఎందుకు ఆపావు?" అన్నాను. పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"మీరు చేస్తరని సార్." తల దించుకున్నాడు. "గదో, గామె నా చెల్లె సునీత. వచ్చే నెల పెండ్లి. పెండ్లయినంక తీజ్ ఉండదు సార్, గిదే ఆఖరు. బుట్ట నీళ్లల్ల కలిపినంక చెల్లె కాళ్లు అన్న కడగాలె. మా నాయిన లేడు, ఇంకో అన్న లేడు."

"ముందే చెప్పొచ్చు కదా."

"చెప్తే నాకు గీ లోడు ఇస్తుంటిరా సార్?"

ఇచ్చేవాణ్ణి కాదు. వేరే డ్రైవర్‌ను పంపేవాణ్ణి. అతను రెండు రోజుల పని అనుకుని బయల్దేరాడు, సీరియల్ ఆరు రోజులు పట్టుకుంది. కిషన్ జేబులోంచి తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు. "పోదామంటే ఇప్పుడే పోదాం సార్. మీ మాట." బుట్ట నెత్తిన పెట్టుకున్న సునీత మా వైపే చూస్తోంది. ఆమెకు తాళంచెవి కనిపించింది. ఆ సంగతి నాకూ కనిపించింది.

రాత్రి దాకా బొగ్గు ఉందని యాదగిరి చెప్పిన మాట లెక్కేసుకున్నాను. ఇక్కడ రెండు గంటలు ఆగినా చీకటి పడేలోగా మానుకోట దాటి, బొగ్గు అయిపోకముందే జనగామ చేరొచ్చు. "అయిపోనీ" అన్నాను.

కిషన్ వాళ్లమ్మ నాకు జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. యజమాని ఫోన్ చేస్తే లారీ దారిలో ఉందన్నాను. వాగు ఒడ్డున పాటలు పాడుతూ అమ్మాయిలంతా ఏడ్చారు. కిషన్ మోకాళ్ల మీద కూర్చుని, చెంబుతో నీళ్లు పోసి చెల్లెలి కాళ్లు కడిగాడు. ఆ అమ్మాయి అతని తల మీద చెయ్యి పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, వాన మీదికి నెట్టేశాను.

నెట్టేయడానికి నిజంగానే వాన ఉంది. మేం బయల్దేరేసరికి కుండపోత అయింది. మానుకోట చేరేసరికి ముందున్న వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చిందని పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. తెల్లారే దాకా వదిలేది లేదన్నారు. కిషన్ క్యాబిన్‌లో పడుకున్నాడు. నేను స్టేషన్ దగ్గర లాడ్జిలో ఐదు వందలకు గది తీసుకున్నాను. గది పరవాలేదు, దుప్పటి మాత్రం మీరే తెచ్చుకోండి. యాదగిరి ఫోన్ చేసి, "బాయిలర్ ఆపేస్తున్న అన్నా. ట్యాంకులన్నీ నిండే ఉన్నయి, పొద్దుగాల పాలు వద్దని అన్ని ఊర్లకు చెప్పిన్రు" అన్నాడు. సరేనన్నాను. నిద్ర పట్టలేదు.

పొద్దున రోడ్డు వదిలారు. తొర్రూరు దాటి పెద్దవంగర దగ్గరికి వచ్చేసరికి మా పాల కేంద్రం షట్టర్ దించి ఉంది. దాని ముందు ఆడవాళ్లు క్యాన్లతో నిలబడి ఉన్నారు. కిషన్ లారీ ఆపాడు. అతనికి అది పాల కేంద్రం అని తెలియదు, టీ కోసం ఆపాడు. ఒక ముసలమ్మ లారీ దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, డెయిరీల బొగ్గు లేదట. ఇయ్యాల పాలు వద్దంటున్నరు. గీ లారీ ఏడికి పోతది?"

కిషన్ నా వైపు చూశాడు. నేనే, "డెయిరీకే అవ్వా. మాపటికి తీసుకుంటారు" అన్నాను.

"మాపటి పాలు మాపటికి ఇస్త. గివి ఏం జెయ్యాలె? రెండు బర్లవి. తోడెయ్యనీకి గన్ని కుండలు ఏడికెల్లి తేవాలె?" కాసేపు క్యాన్ వైపు చూసింది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది. "పారబోసుడు కంటే మీరన్న తాగుండ్రి. రాత్రంత బండి మీదనే ఉన్నట్టున్నరు" అని టీ కొట్టు గ్లాసుల్లో పాలు పోసి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

కిషన్ తాగలేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "తాగు, ఆమె చూస్తోంది" అన్నాను. తాగాడు. నేనూ తాగాను. పాలు తియ్యగా ఉన్నాయి, అదే నాకు బాధ.

పాలకుర్తి మీదుగా జనగామ చేరాం. మధ్యాహ్నానికి బాయిలర్ వెలిగింది. యజమాని వాగు పొంగిన సంగతి విని ఊరుకున్నాడు, తండా సంగతి నేను చెప్పలేదు. మళ్లీ ఆ తాళంచెవి నా ముందు పెడితే ఏమంటానని చాలాసార్లు ఆలోచించాను. అయిపోనీ అనే అంటాను. కానీ ఆ ముసలమ్మ పాలు కూడా గుర్తు పెట్టుకునే అంటాను. ఈ పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. లోడుకు పంపేముందు టైర్ల సంగతి, డీజిల్ సంగతి ఎలాగూ అడుగుతారు, వాటికంటే ముందు డ్రైవర్ ఇంట్లో పండుగ ఎప్పుడో అడగండి. అడిగాక లోడు అతనికే ఇవ్వండి, పండుగకు చాలా ముందుగా ఇవ్వండి. ఇవ్వరని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు.