ఉయ్యాల గుడ్డలో పట్టిన వాన

కాస్త ఇటు జరిగి నా పక్కన కూర్చోండి; రేకుల మీద వాన పడుతోంటే నా మాట నాకే వినపడదు. ఇందాక ఇంట్లో నీళ్ళ టిన్ను ఖాళీ అయిందని మా మనవరాలు గ్లాసు పట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. "తొలి జల్లు తాగకే, ఆకాశం మొహం కడుక్కున్న నీళ్ళవి!" అని కేకేశాను. ఆ మాట నాది కాదు, మా అత్తగారిది. పైకి అనేశాక ఆవిడే గుర్తొచ్చారు.

ఒకప్పుడు నేనూ అత్తగారూ సరుగుడు పుల్లల కోసం సముద్రం దగ్గరి లంకకి దోనె వేసుకుని వెళ్ళేవాళ్ళం. ఆ రోజు నా చంకలో నెలల పిల్ల, అంటే ఈ మనవరాలి తల్లి. దోనె కట్టింది అత్తగారే. తను వేసిన ముడి యముడైనా విప్పలేడని ఆవిడ ధీమా. మధ్యాహ్నం పోటు నీరొచ్చి, యముడితో పని లేకుండా దోనెని విప్పుకుపోయింది. చుట్టూ నీళ్ళే, అన్నీ ఉప్పే. తెచ్చుకున్న మంచినీళ్ళు అప్పటికే అయిపోయాయి. తెల్లారేసరికి నాకు పాలు రావడం లేదు. పిల్లకి ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతోంది.

అప్పుడు వాన మొదలైంది. చెట్టు మీంచి కారే ధారకి నోరు పెట్టబోతే అత్తగారు నా జడ పట్టుకు లాగారు. "కొంగలు రెట్టలేసే కొమ్మలే అవి! పిల్లకి పాలిస్తావా, విరేచనాలిస్తావా?" అన్నారు. చెట్ల నీడ లేని చోట నాలుగు కర్రలు పాతి, పిల్ల ఉయ్యాల గుడ్డ కట్టి, బరువుకి నడుమ ఆలిచిప్ప వేసి, కింద క్యారేజీ గిన్నె పెట్టారు. దోనె దిగేటప్పుడు ఆ గుడ్డ రేవులో తడిసింది, ఒట్టి ఉప్పు. "మొదటి గిన్నె గుడ్డ కడిగిన నీళ్ళు, పారబోసొస్తా" అని పొద వెనక్కి వెళ్ళారు. రెండో గిన్నె నాకిచ్చారు.

"మీరు తాగేరాండీ, అత్తయ్యగారూ?"

"ఆయ్, తాగేనమ్మా. నువ్వు కానీ."

అడుగు చుక్క దాకా నేనే తాగేశాను. వాన ఆగిపోయింది, మళ్ళీ రాలేదు. కొంతసేపటికి నాకు పాలు పడి, పిల్ల గుటకలు వేయడం వినిపించింది. పొద్దెక్కాక అటుగా వచ్చిన వేట పడవ మమ్మల్ని ఎక్కించుకుంది. దారి పొడుగునా అత్తగారు వాంతులు చేసుకుంటూనే ఉన్నారు.

"తాగేనన్నారు కదండీ!" అన్నాను ఏడుస్తూ.

ఆవిడ మూతి తుడుచుకుని నవ్వారు. "తాగేను కదే. ఏ గిన్నో నువ్వడగలేదు."

ఆవిడ కోలుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నా పులుసుకి వంకలు పెడుతూ దర్జాగా బతికారు కూడా. కానీ నేనెందుకు అడగలేదు? అడిగితే సగం ఇవ్వాల్సి వస్తుందనా?

ఇందాకే జల్లు బాగా ఊపందుకుంది. మనవరాలు నిండు గ్లాసుతో వచ్చి, "నువ్వు తాగేవా అమ్మమ్మా?" అంది. "తాగేనమ్మా" అన్నాను. అది నా పక్కనున్న గ్లాసు తిరగేసి చూసి, "ఏం తాగేవు? ఇది పొడిగా ఉందిగా!" అని తన గ్లాసు నా నోటికి పెట్టింది.

నేను అడగాల్సిన మాట మా ఇంట్లో పుట్టడానికి రెండు తరాలు పట్టింది. మీ ఇంట కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి, తాగేనన్న వాళ్ళని ఏం తాగేవని అడిగేవాళ్ళూ ఉండాలి.